పెరటి వైపు ఊరు

"టీ పొడి ఆరిందా?"

బాల్కనీలో పాత పేపరు మీద పరిచిన టీ పొడిని వేళ్ళతో కెలుకుతున్న ఆమెకి భర్త గొంతు లోపలి గదిలోంచి వినిపించింది. పొద్దుటి నుంచీ మబ్బు పట్టి ఉంటే ఎక్కణ్ణుంచి ఆరుతుంది? ఆయన కూర్చున్నది కిటికీ పక్కనే. తల కాస్త ఇటు తిప్పితే చాలు, మబ్బూ కనిపిస్తుంది, టీ పొడీ కనిపిస్తుంది. కానీ ఆ ఇంట్లో తల తిప్పి చూసే పని కూడా ఆమెదే. "ఇంకా లేదండీ" అని పేపరుని గాలి తగిలే చోటికి జరిపింది.

వడకట్టిన టీ పొడిని ఆమె పారెయ్యదు. కడిగి, పిండి, ఆరబెట్టి, జల్లించి డబ్బాల్లో పోసి ఉంచుతుంది. అది మట్టి. బొమ్మ రైలు పట్టాల పక్కన జిగురు రాసి ఆ పొడి చల్లితే, నిన్న రాత్రి వాన పడి వెలిసిన నేలలా ఉంటుంది. ఆ డబ్బాల వరస చూసి అత్తగారు ఒకసారి, "ఇంట్లో ఉన్నది ముగ్గురం, ఇంత టీ ఎవరు తాగుతున్నారమ్మాయ్?" అని అడిగింది. "మీ అబ్బాయి రైలు తాగుతోంది అత్తయ్యా" అంది ఆమె. అత్తగారు నవ్వలేదు. "మగవాడికి ఇంటిపట్టున ఓ సరదా ఉండటం అదృష్టం అనుకో. కాస్త చేదోడుగా ఉంటే నీ సొమ్మేం పోతుంది?" అంది.

సొమ్మేమీ పోలేదు. పోయింది ఒక గది. అంతకుముందు ఆ మధ్య గదిలో ఆమె కుట్టుమిషనూ, ఒక పడక కుర్చీ ఉండేవి. ఆఫీసులో బీమా కాగితాలు చూసుకునే ఆయనగారికి ఉన్నట్టుండి బొమ్మ రైళ్ళ పిచ్చి పట్టుకోగానే మిషను మంచం కిందికీ, కుర్చీ మేడ మీదికీ పోయాయి. ఆయన ఊళ్ళో ఉన్న బొమ్మ రైళ్ళ క్లబ్బులో చేరాడు. అక్కడ ఆయన్ని అందరూ స్టేషన్ మాస్టరు అంటారు. ఆమెనేమో చెట్లావిడ అంటారు. ఆమె క్లబ్బులో సభ్యురాలు కాదు లెండి, ఆ పిలుపు కూడా ఊరికే వచ్చిందే.

ఆ క్లబ్బులో పని జరిగే పద్ధతి ఒకటుంది. ఒక్కో సభ్యుడు ఇంట్లో ఒక్కో బల్ల తయారు చేసుకుంటాడు. దాని మీద పట్టాలు, కొండలు, ఇళ్ళు, వంతెనలు, ఎవరి ఓపిక వాళ్ళది. ఏడాదికోసారి ఒక పెద్ద హాల్లో ఆ బల్లలన్నీ పక్కపక్కన చేర్చి బిగిస్తారు. ఒకరి పట్టాలు పక్కవాడి పట్టాలతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. అప్పుడు రైలు ఒకరి కొండల్లోంచి బయల్దేరి ఇంకొకరి ఊళ్ళోకి పోతుంది. ప్రతి బల్ల ముందూ చేసినవాళ్ళ పేరుతో ఒక కార్డు పెడతారు. క్లబ్బుని నడిపే కళ్ళజోళ్ళాయన, అంటే కళ్ళజోళ్ళ దుకాణం ఆయన, మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు చెప్పాడు. "బల్లకి రెండు కొసలూ క్లబ్బువి, మేం చెప్పిన కొలతలోనే ఉండాలి. మధ్యలోది మీ ఇష్టం."

టీ కప్పులు అందిస్తూ ఆ మాట విని ఆమె అక్కడే ఆగిపోయింది. తన రోజు కూడా అంతేగా అనిపించింది. పొద్దుటి కొస వంటింటిది, సాయంత్రం కొసా వంటింటిదే. కొలతలు వేరేవాళ్ళవి. పోనీ మధ్యలోది తన ఇష్టమా అంటే అది పళ్ళ డాక్టరుది.

పళ్ళ డాక్టరు దగ్గర ఆమె పళ్ళు చేస్తుంది. ఆస్పత్రి వెనక గదిలో, తెర అవతల, అచ్చుల్లో ప్లాస్టరు పోసి, మైనంతో పన్ను మలిచి, పక్క పళ్ళ రంగులో కలిసిపోయేలా సన్నటి కుంచెతో రంగులద్దుతుంది. ఏ పన్నూ ఉత్త తెల్లగా ఉండదు. మొదలు దగ్గర కాస్త పసుపు, కొసన కాస్త నీలం, టీ తాగేవాళ్ళకి ఇంకో ఛాయ. అంత చేసి బయటికి పంపిస్తే, తెర బయటి నుంచి డాక్టరు గొంతు వినిపిస్తుంది. "చూశారా, ఈ పన్ను కుదరడానికి నేనెంత తిప్పలు పడ్డానో." కుర్చీలో కూర్చున్నావిడ అద్దంలో చూసుకుని మురిసిపోయి, "మీ చేతిలో ఏదో ఉంది డాక్టరుగారూ" అంటుంది. ఆ వెంటనే తెర కాస్త పక్కకి జరిగి డాక్టరు తల లోపలికొస్తుంది. "అమ్మా, ఇద్దరికి టీ చెబుతావూ?"

ఇంట్లోనూ ఇదే వరస, తెర ఒక్కటే తక్కువ. ఆయన పట్టాలు వేస్తాడు, వైర్లు కలుపుతాడు, మీటలు బిగిస్తాడు. మిగతాదంతా ఆమె. కొండలకి థర్మకోలు చెక్కి, డాక్టరు పారెయ్యమన్న ప్లాస్టరు తెచ్చి పూస్తుంది. తీగ మెలిపెట్టి, గిన్నెలు తోమే పీచుకి ఆకుపచ్చ రంగు వేసి చెట్లు చేస్తుంది. రంపపు పొట్టుతో గడ్డి మొలిపిస్తుంది. పళ్ళ మైనంతో చిటికెన వేలి గోరంత మనుషుల్ని చేసి నిలబెడుతుంది. హాల్లో జనం ముక్కున వేలేసుకుని చూసేది వాటినే, కార్డు మీద ఉండేది ఆయన పేరు. ఒకసారి ఉండబట్టలేక అడిగింది. "ఒక్క బల్ల నా పేరు మీద పెట్టుకోనివ్వండి."

"బల్లంటే చెట్లూ చేమలూ కాదోయ్" అన్నాడాయన. "అది పైపై అలంకారం. అసలు పని అడుగున ఉంటుంది. నీకెందుకీ తలనొప్పి?"

అయినా ఆ కోరిక గొంతులో ముల్లులా ఉండిపోయింది. అన్నం తింటున్నా, బస్సెక్కినా, ఎవరి పన్నుకో రంగు వేస్తున్నా అదే. ఒక్క బల్ల. ఒక్క కార్డు. చిన్న అట్టముక్క మీద తన పేరు. ఇంత చిన్నదానికి ఇంత ఆరాటమేమిటని తనను తానే తిట్టుకునేది. మళ్ళీ, చిన్నదే కదా, మరెందుకివ్వరు అని ఒళ్ళు మండేది. ఆ మంటలో అంట్లు గట్టిగా చప్పుడయ్యేవి. "గిన్నెలేం పాపం చేశాయమ్మాయ్" అనేది అత్తగారు.

ఈ ఏడాది ఆయన గొప్పకి పోయి రెండు బల్లలు ఒప్పుకున్నాడు, స్టేషను ఒకటీ, ఊరు ఒకటీ. స్టేషను వైర్లతోనే ఆయన పని అయిపోయింది. "ఊరు బల్ల నువ్వే చేసెయ్. పట్టాలు నేను వేసిస్తా. కార్డు మీద నీ పేరే పెట్టిస్తా, సరేనా?" అన్నాడు. ఆమె వెంటనే సరే అనలేదు. అత్తగారు అక్కడికి వచ్చేదాకా ఆగి, "ఏమన్నారూ, ఇంకోసారి చెప్పండి" అంది. సాక్షి ఉండాలి కదా మరి.

ఆయన పట్టాలు బిగించిన బల్లని మధ్య గదిలో వేశారు. కిటికీ వైపు ఆయన కుర్చీ, మీటలు, వైర్ల చుట్టలు. గోడ వైపు ఆమెకి మిగిలింది పక్కకి తిరిగి నడిస్తే తప్ప పట్టని సందు. హాల్లో మీటలు తిప్పేవాళ్ళు వెనక నిలబడతారని, చూసేవాళ్ళు ముందు నిలబడతారని ఆయనే చాలాసార్లు చెప్పాడు. కాబట్టి మీటలున్న కిటికీ వైపు వెనక, తనున్న గోడ వైపు ముందు. అలా అనుకునే ఊరు కట్టింది. ముందు వైపు అంతా బుద్ధిగా, అందరికీ నచ్చేలా చేసింది. రంగు రంగుల దుకాణాలు, వాటికి బోర్డులు, ఇళ్ళకి వరండాలు, ఒక వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్న పెద్దమనిషి.

వెనక వైపు ఎవరూ చూడరు. వట్టి గోడలుగా వదిలేసినా అడిగేవాళ్ళు లేరు. సరిగ్గా అందుకే అక్కడ ఆమె చెయ్యి ఆగలేదు. పొద్దున్న లేస్తే తను చూసేది ఇళ్ళ వెనక వైపులే. వాటిని చూసినట్టు ఇళ్ళ మొహాలు ఎన్నడు చూసింది గనక? పాత రుమాలు చింపి దండేల మీద బట్టలారేసింది. ఒకావిడ చీర పిండుతోంది. ఒకావిడ చెత్తబుట్టతో గుమ్మంలో ఆగి ఎటో చూస్తోంది. ఆస్పత్రి వెనక కిటికీలో ఒకతె మెడ వంచుకుని ఏదో అతి చిన్న పని చేస్తోంది. వంటింటి కిటికీలో కొప్పు పెట్టుకున్న పెద్దావిడ నడుం మీద చెయ్యేసుకుని నిలబడి, పెరట్లో అంట్లు తోముతున్న ఇంకొకావిడ వీపుని చూస్తోంది. చివరింటి పెరటి మెట్టు మీద మాత్రం ఒకావిడ కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. ఏమీ చెయ్యడం లేదు. ఆ ఒక్క బొమ్మనీ ఆమె మళ్ళీ మళ్ళీ కరిగించి చేసింది, ఏమీ చెయ్యకుండా ఉన్న చేతుల్ని ఎలా పెట్టాలో తెలియక.

బల్ల మీదికి వంగి ఇవన్నీ అతికిస్తుంటే ఎదురుగా కిటికీ వైపు భర్త కూర్చునే ఉండేవాడు. ఒక్కోసారి పేపరు, ఒక్కోసారి ఫోను, ఒక్కోసారి వైర్ల చుట్ట. "జిగురు వాసన తలకెక్కుతోంది, కాస్త చూసి వాడు" అనేవాడు తల ఎత్తకుండా.

ప్రదర్శన రేపనగా కళ్ళజోళ్ళాయన కొలత రేకు పట్టుకుని వచ్చాడు. కొసల దగ్గర రేకు ఆనించి చూశాడు, తృప్తిగా తలాడించాడు. తర్వాత కిటికీ వైపు వచ్చి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, మళ్ళీ దించి చూశాడు.

"స్టేషన్ మాస్టరూ, మీ ఊరు జనానికి వీపు చూపిస్తోందేమిటి?"

"వీపేంటండీ?"

"పట్టాలు ఏ అంచుకి దగ్గరగా ఉంటే అదే కదా జనం నిలబడే వైపు? పట్టాలు ఇటున్నాయి. ఇళ్ళ మొహాలు అటున్నాయి. బల్ల తిప్పుదామంటే పక్క బల్లతో పట్టాలు కలవవు."

ఆయన మొదటిసారి వంగి చూశాడు. మొహం ఎర్రబడింది. "ఇన్నాళ్ళుగా చేస్తున్నావు, ముందేదో వెనకేదో ఒక్క మాట అడగక్కర్లా?"

"మీటలున్న వైపు వెనక అని మీరే అన్నారు."

"అన్నాను. కానీ ఇక్కడ ప్లగ్గు అందక బల్లని తిప్పి వేసి, మీటలు మాత్రం కుర్చీ పక్కనే పెట్టుకున్నా కదా."

"ఆ సంగతి ఎవరికి చెప్పారు?"

కళ్ళజోళ్ళాయన మొహమాటంగా దగ్గి, జేబులోంచి అట్టముక్కలు తీశాడు. "కార్డు మీద పేరు?"

"దాని పేరే రాయండి" అన్నాడాయన నవ్వుతున్నట్టు, నవ్వకుండా. "ఈ ఘనకార్యం ఎవరిదో నలుగురికీ తెలియాలి కదా."

అలా వచ్చింది ఆ కార్డు. ఆమె పేరు గుండ్రటి అక్షరాల్లో, తడి ఇంకా ఆరకుండా. ఎన్నాళ్ళుగానో కోరుకున్నది చేతికొచ్చి, చెంప మీద కొట్టినట్టయింది. కళ్ళజోళ్ళాయన వెళ్ళగానే భర్త, "ఆ అంచు పొడుగునా చెట్లు పెట్టి కప్పెయ్. అడవనుకుంటారు. పరువు దక్కుతుంది" అని స్టేషను సర్దుకోవడానికి పోయాడు.

ఆ సాయంత్రమంతా ఆమె కాలు గాలిన పిల్లిలా వంటింటికీ మధ్య గదికీ తిరిగింది. పొయ్యి మీద ఒకటి, బల్ల మీద ఒకటి. తీగ మెలిపెట్టి, పీచు గుచ్చి, ఒక్కో చెట్టూ నాటింది. చీర పిండేదాని ముందు ఒకటి, చెత్తబుట్టదాని ముందు ఒకటి. నిజానికి కప్పెయ్యడమే మంచిదని కూడా అనిపించింది. రేపు హాల్లో ఆయన చూస్తాడు, అత్తగారు చూస్తుంది, ఆ కిటికీలో కొప్పు ఎవరిదో గుర్తు పట్టకుండా ఉంటుందా? ఎవరూ చూడరన్న ధైర్యంతో చేసుకున్నదాన్ని ఇప్పుడు ఊరంతటికీ చూపించడమా? మెట్టు మీద కూర్చున్నదాని ముందు చెట్టు పెట్టబోయింది. పెడితే దాని మొహం కనిపించలేదు, జాపిన కాళ్ళు మాత్రం కొమ్మల కిందినుంచి బయటికొచ్చి, చెట్టు మీద పడి చచ్చినట్టుంది. ఆమెకి ఏడుపొచ్చింది. తీసి ఇంకోలా పెట్టింది. అయినా అలాగే ఉంది. చెట్టుని చీరకొంగులో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వెనక నుంచి అత్తగారు, "పొంగుతోంది చూసుకో" అంది.

మర్నాడు హాల్లో బల్లలు బిగిస్తున్నారు. భర్త తన స్టేషను బల్ల కింద వెల్లకిలా పడుకుని వైర్లు వెతుక్కుంటున్నాడు. ఆమె ఊరి ముందు నిలబడి అటూ ఇటూ చూసింది. తర్వాత వంగి, ఒక్కో చెట్టునీ మొదట్లో పట్టుకుని మెల్లిగా కదిపి, పన్ను తీసినట్టు తీసింది. తీసినవన్నీ భోజనం డబ్బాలో వేసి మూత పెట్టింది. కార్డుని అంచు మీద నిటారుగా నిలబెట్టింది. తప్పయితే తప్పే, కనీసం తప్పు తనది అనుకుంది.

జనం వచ్చారు. రైలు కొండల్లోంచి వచ్చి, వంతెన దాటి, పెరళ్ళ పక్కనుంచి పోయింది. మొదట కొందరు ఆగి, ఇదేమిటి వెనకవైపు పెట్టారు అన్నట్టు మొహాలు చూసుకున్నారు. అప్పుడొకావిడ వంగి, చాలాసేపు వంగి, పక్కావిడ మోచెయ్యి పట్టుకుని లాగింది. "ఇటు చూడవే. అచ్చం మన వెనక సందు. ఆ చీర పిండేది నువ్వే." "నేనెందుకు, ఆ చెత్తబుట్టది నేను. రోజూ అక్కడే నిలబడతా, ఇంట్లోకి పోబుద్ధి కాక." వాళ్ళు నవ్వుకున్నారు. ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకావిడ మాత్రం నవ్వలేదు. మెట్టు మీద కాళ్ళు జాపుకున్న బొమ్మని చూస్తూ నిలబడింది. రైలు ఎన్నిసార్లు తిరిగొచ్చినా అక్కణ్ణుంచి కదల్లేదు.

గుంపు చూసి భర్త వచ్చాడు. ఆయన మొహంలో నిన్నటి ఎరుపు లేదు. "అందరూ ఇళ్ళ ముందు వైపే చూపిస్తారండీ" అంటున్నాడు ఎవరితోనో, చేతులు వెనక్కి కట్టుకుని. "మేం కాస్త కొత్తగా ఆలోచించాం." ఆమెకి ఆస్పత్రి తెర వెనక కూర్చున్నట్టే అనిపించింది. అరికాలి మంట నెత్తికెక్కింది. అంతలో ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "కార్డు మార్పిద్దామోయ్. ఇద్దరి పేర్లూ ఉంటే నిండుగా ఉంటుంది. పైన నాది, కింద నీది. పట్టాలు నేనేగా వేసింది."

"అలాగే" అంది ఆమె. "ముందు ఆ పెరళ్ళలో మీరెక్కడున్నారో చూపించండి. అప్పుడు మార్చుకుందాం."

ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. కళ్ళజోడు సర్దుకుని వంగాడు. దండేల దగ్గర వెతికాడు. ఆస్పత్రి కిటికీ చూశాడు, వంటింటి కిటికీ చూశాడు, మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు. "నేను లేనే" అన్నాడు చివరికి, చిన్నబోయి.

"ఉన్నారు. అటువైపు వరండాలో పేపరు చదువుతున్నారు. అటువైపు ఎవరూ చూడరు."

"ఇదంతా ఎప్పుడు చేశావు నువ్వు?"

"మీరు ఎదురుగా కూర్చున్నప్పుడే."

ఆయన కార్డు జోలికి పోలేదు. మీటల వైపు వెళ్ళి నిలబడ్డాడు.

అత్తగారు మధ్యాహ్నం వచ్చింది. ఆమె పక్కన నిలబడింది. అత్తగారు బల్ల అంచు పట్టుకుని ఒక్కో పెరడూ చూసుకుంటూ వచ్చి వంటింటి కిటికీ దగ్గర ఆగింది. తన కొప్పు తడుముకుంది.

"ఇది నేనే కదూ?"

"అవునత్తయ్యా."

"ఇన్ని బొమ్మలు చేశావు. దీన్ని చూడు, హాయిగా కాళ్ళు జాపుకుంది. నన్నెందుకమ్మాయ్ నిలబెట్టావు? నడుం నొప్పి నాకు. ఇక్కడైనా కూర్చోపెట్టాల్సింది."

తిడుతుందనుకున్న మనిషి అలా అనేసరికి ఆమె ఆ కొప్పు బొమ్మని మళ్ళీ చూసింది. ఇన్నేళ్ళూ ఆవిడ తనని కాపలా కాయడానికే అక్కడ నిలబడుతుందనుకుంది. కూర్చోమని ఎవరూ అనక నిలబడిందేమోనని ఒక్కసారైనా తోచలేదు. ఆ కిటికీ వైపు తను కూడా సరిగ్గా చూడలేదన్నమాట. ఆమె చుట్టూ చూసి ఒక కుర్చీ లాక్కొచ్చి వేసింది. అత్తగారు కూర్చుని, రైలు వచ్చినప్పుడల్లా తల తిప్పి చూస్తూ సాయంత్రం దాకా అక్కడే ఉంది.

బల్లలు విప్పేటప్పుడు ఆమె కళ్ళజోళ్ళాయన దగ్గరికెళ్ళి, "వచ్చే ఏటికి ఒక బల్ల నాకు రాసుకోండి" అంది. "పట్టాలు కూడా నేనే వేస్తాను. ఆ కొలత రేకు ఒకసారి ఇస్తారా?" ఆయన రేకు ఇచ్చాడు.

ఇంటికొచ్చాక ఊరు బల్లని మళ్ళీ మధ్య గదిలో వేశారు. భర్త వైర్లు చుట్టుకుంటుంటే ఆమె కిటికీ వైపున్న ఆ కుర్చీలో కూర్చుంది. ఎప్పుడూ కూర్చోలేదు గానీ మంచి కుర్చీ, వెలుతురు బాగా పడుతుంది. సన్నటి పట్టకారుతో వంటింటి కిటికీలోంచి కొప్పు బొమ్మని జాగ్రత్తగా బయటికి తీసింది. కొవ్వొత్తి సెగకి మైనం మెత్తబడింది. నడుం దగ్గర కొంచెం, మోకాళ్ళ దగ్గర కొంచెం వంచింది. చివరింటి మెట్టు మీద జాగా చాలినంత ఉంది.

"టీ పెడతావా?" అన్నాడు భర్త గుమ్మంలో నిలబడి.

ఆమె తల ఎత్తలేదు.

"మీరే పెట్టండి, ముగ్గురికీ. పొడి పారెయ్యకండి. కడిగి, పిండి, ఆరబెట్టండి. నా బల్లకి మట్టి కావాలి."